ఎడమవైపు గుండీలు

దర్జీలకు ఒక దురలవాటు ఉంటుంది. ఎదురుగా మనిషి వచ్చి నిలబడితే ముందు మొహం చూడరు, మెడపట్టీ చూస్తారు. భుజం కుట్టు ఎక్కడ దిగిందో, చంక ఎక్కడ పట్టేసిందో, ఏ గుండీ వేలాడుతోందో చూసి, అప్పటికీ తీరిక మిగిలితే మొహం దాకా వస్తారు. కత్తెరక్కకు ఆ తీరిక తక్కువ. "ఇందాక వచ్చిందెవరే?" అని పైగదిలోంచి అమ్మ కేకేస్తే "చంక పట్టేసిన నీలం గౌను" అని జవాబు చెప్పేది. ఆవిడ నలుపా తెలుపా అని అడిగితే ఆలోచనలో పడేది. ఈ కథంతా ఆ దురలవాటు వల్లే నడిచింది కనుక ముందే చెప్పుకోవడం మంచిది.

కత్తెరక్క అన్నది వీధి పెట్టిన పేరు. చేతిలో కత్తెర ఉన్నందుకు సగం, నోట్లో ఇంకోటి ఉన్నందుకు సగం. రేవుకు దిగే వీధిలో కింద కొట్టు, పైన రెండు గదులు. కొట్టులో నడుం ఎత్తు బల్ల, కాలితో తొక్కే మిషన్లు రెండు, వాటిలో ఒకటి పేరుకే. గోడకు నిలువెత్తు అద్దం. ఆ అద్దం పైన, కుర్చీ ఎక్కితే తప్ప అందనంత ఎత్తున, తమ్ముడి ఫొటో. నావికుల టోపీ, ముదురురంగు ఉన్ని కోటు, పెదవి చివర కాస్త నవ్వు. యుద్ధంలో ఓడతోపాటు పోయాడు. మనిషి దొరకలేదు. వీధిలో పాతవాళ్ళు వాణ్ణి చిన్నోడు అనేవారు. ఇప్పుడు ఆ పాతవాళ్ళు కూడా ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. అమ్మా నాన్నా కూడా పోయి చాలా కాలమైంది.

కొట్టు బయట బోర్డు మీద 'ఆడవాళ్ళ బట్టలు మాత్రమే' అని ఉంటుంది. నాన్న కాలంలో ఆ మాట లేదు. నాన్న కోట్లకు పేరుపడ్డ మనిషి. ఎవరైనా వచ్చి వంకర జేబు కావాలన్నా, మోకాళ్ళు దాటిన కోటు కావాలన్నా, నవ్వకుండా కొలతలు తీసుకునేవాడు. వాళ్ళు వెళ్ళాక పిల్లలు పకపకలాడితే కోప్పడేవాడు. "బట్ట వాళ్ళది, ఒళ్ళు వాళ్ళది, ఇష్టం వాళ్ళది. మనది సూది ఒక్కటే" అనేవాడు. అలాంటివాడి కూతురు మగవాళ్ళ బట్ట ముట్టనంటే ఎదురు కొట్టు సూట్లాయనకు ఎప్పుడూ నవ్వులాటగానే ఉండేది.

"మగవాళ్ళంటే అంత భయమేంటక్కా నీకు?" అనేవాడు, సాయంత్రం తలుపులు వేసేటప్పుడు.

"భయం కాదయ్యా, విసుగు. నిన్ను చూశాక ఇంకాస్త ముదిరింది."

ఆయన నవ్వుకుంటూ పోయేవాడు. ఆమె వదిలేసిన కోట్ల బేరమంతా ఆయనకే వచ్చింది కనుక ఆ నవ్వులో నష్టమేమీ లేదు. అసలు కారణం మాత్రం ఆయనకే కాదు, కన్నతల్లికి కూడా ఆమె చెప్పలేదు.

కారణం అద్దం పైన ఫొటోలో ఉంది. యుద్ధం ముదిరాక కోట్లు కుట్టే కార్ఖానాలు చాలక, నౌకాదళం వాళ్ళు ఉన్నిబట్టా, కాగితం నమూనాలూ ఊళ్ళో దర్జీలకు పంచిపెట్టారు. అదే సమయానికి నాన్న జ్వరంతో మంచం పట్టాడు. అదే సమయానికి చిన్నోడికి ఓడ ఎక్కమని పిలుపు వచ్చింది. దాంతో వాడి కోటు కత్తెరక్కే కత్తిరించింది. అప్పటిదాకా ఆమె కుట్టినవన్నీ జాకెట్లూ గౌన్లే. రెంటికీ తేడా ఎక్కడుందో తొడుక్కునేవాళ్ళు పెద్దగా పట్టించుకోరు గానీ, దర్జీలకు అది అఆల పాఠం. మగవాడి కోటుకు గుండీలు వాడి కుడివైపు, కాజాలు ఎడమవైపు, రొమ్ము జేబు ఎడమవైపు. ఆడవాళ్ళ కోటుకు దీన్ని తిరగేయాలి. నమూనా కాగితం బట్ట మీద పరిచేటప్పుడు పరధ్యానంలో బోర్లా పడిందంటే చాలు, ఎడమ కుడి అవుతుంది, కోటుకు కోటే తిరగబడుతుంది. కొత్తగా కత్తెర పట్టినవాళ్ళందరూ ఒక్కసారైనా చేసే తప్పు ఇది. పెద్ద దర్జీ అయితే చెవి మెలిపెట్టి, ఆ కోటును ఏ ఆడపిల్లకో సర్దేస్తాడు.

జేబు పెట్టకముందు, కాజాలు కుట్టకముందు, పిన్నులు గుచ్చి ఒకసారి వాడి ఒంటి మీద వేసి చూసింది. వాడు అద్దం ముందు నుంచి కదిలితేగా. పొద్దున్న లేచింది మొదలు అందులోనే కాపురం. ఆ అద్దానికే కాళ్ళుంటే వాడి బాధ పడలేక ఎప్పుడో పారిపోయేది. "నీకు పెళ్ళాం ఎందుకురా, ఈ అద్దాన్ని కట్టుకో" అనేది అమ్మ. కోటు పూర్తయిన రోజున ఎండ మండిపోతోందని వాడు దాన్ని తొడుక్కోలేదు. భుజాన వేసుకుని "ఫొటో దిగి, తెల్లారి అటునుంచి అటే ఓడకి" అని గుమ్మం దిగాడు. ఆ రాత్రి స్నేహితుల దగ్గర పడుకున్నాడు. ఆ కోటుకు గుండీలు పెట్టుకున్న చిన్నోణ్ణి ఇంట్లో ఎవరూ చూడలేదు.

కొద్ది రోజులకు ఫొటో ఇంటికి వచ్చింది. అమ్మ మొహం చూసింది. నాన్న మంచం మీద నుంచే మొహం చూశాడు. కత్తెరక్క గుండీలు చూసింది. అవి ఎడమవైపున ఉన్నాయి. జేబు కుడివైపున ఉంది.

తనే తప్పు కుట్టాననుకుంది. కాగితం ఎప్పుడు బోర్లా పడిందో గుర్తు తెచ్చుకోబోతే గుర్తు రాలేదు. రోజూ చేసే పని చేతులకు గుర్తుంటుంది గానీ మనిషికి ఉండదు. ఓడలో తోటి కుర్రాళ్ళు 'ఆడపిల్ల కోటు' అని ఏడిపిస్తారేమో అన్నదే అప్పటి బాధ. సెలవుకు రాగానే విప్పేసి మళ్ళీ కుట్టాలి, నాన్నకు తెలియకుండా కుట్టాలి అనుకుంది. అమ్మ మాత్రం ఆ ఫొటోను దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి పెట్టి చూసుకుని "మనవాడే గానీ, మనవాడిలా లేడేంటే?" అంది. టోపీ పెట్టుకుంటే ఎవడైనా అంతేనన్నాడు నాన్న.

సెలవు రాలేదు, కొన్ని నెలలకు ఓడ మునిగిందన్న కబురు వచ్చింది. ఆ తరవాత చాలా కాలానికి, బతికి బయటపడ్డ నావికుడొకడు పలకరించిపోదామని వచ్చాడు. అమ్మ అడిగింది కనుక చెప్పాడు. చలినీళ్ళు, చీకటి, ఉన్ని కోటు నీళ్ళు తాగితే రాయే. "కోటు విప్పుకోగలిగినవాళ్ళం తేలామమ్మా" అన్నాడు. ఆ మాట అని, ఇచ్చిన టీ తాగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. కత్తెరక్క మిషను మీద నుంచి తల ఎత్తలేదు. కొయ్యబారిన వేళ్ళతో, చిన్నప్పటి నుంచీ అలవాటైన వైపున గుండీల కోసం తడుముకుంటున్న తమ్ముడు ఆ రోజు ఆమె కళ్ళ ముందుకు వచ్చాడు, మళ్ళీ వెళ్ళలేదు.

అన్ని నెలలు తొడుక్కున్న కోటే కదా, వేళ్ళకు ఆ వైపే అలవాటై ఉండదా అని మనం అడగొచ్చు. ఆమె కూడా అడుక్కుంది. తప్పు మోయాలని నిశ్చయించుకున్న మనసు ఇలాంటి ప్లీడరు వాదనలు వినదు. ఆ నెలలోనే బోర్డు మీద 'మాత్రమే' రాయించింది. అప్పటిదాకా మంచం పక్కన ఉన్న ఫొటోను తీసి, అంత ఎత్తున ఎందుకే అని అమ్మ గొణుగుతున్నా వినకుండా, అద్దం పైన మేకు కొట్టింది. కింద నిలబడినవాళ్ళకు టోపీ తెలిసేది, కోటు నల్లగా తెలిసేది, గుండీలు తెలిసేవి కావు. కత్తెరక్క దుమ్ము దులపడానికి ఎక్కినప్పుడు కూడా మొహం చూసేది కాదు. ముందు గుండీల మీద గుడ్డ వేసి, తుడిచి, దిగేది. నలభై ఏళ్ళు దాటింది అలా.

అప్పుడు రేవు కమిటీ కార్యదర్శి వచ్చాడు. సముద్రంలో పోయినవాళ్ళ కోసం రేవులో గోడ కడుతున్నారట. పేర్లు చెక్కితే జనం చదవరని, ఒక్కొక్కరి ఫొటోనూ పింగాణీ పలక మీదికి ఎక్కించి, కంటి ఎత్తున అమర్చుతారట.

"ఇన్నాళ్ళకు గుర్తొచ్చాడా మావాడు?" అంది కత్తెరక్క.

"గోడకి స్థలం ఇప్పుడే ఇచ్చారండి."

"సముద్రం అంత స్థలం పెట్టుకుని."

కార్యదర్శి నేల చూపులు చూశాడు. పాపం, ఆయన తప్పేముంది. అయినా కంటి ఎత్తున అన్న మాట దగ్గరే ఆమె ప్రాణం గిలగిల్లాడింది. మొహం వరకే తీసుకోండి అని అడిగింది. అందరివీ రొమ్ము దాకా ఉంటాయని, ఒక్కరికి వేరుగా చేస్తే మిగతా కుటుంబాలవాళ్ళు ఊరుకోరని ఆయన చెప్పి, ఫొటో పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇవ్వనని అనలేకపోయింది. తమ్ముడి ఫొటో గోడ మీద వద్దని ఏ అక్క అంటుంది, అంటే ఎందుకో చెప్పాలి కదా.

రెండు రోజులు మిషను తొక్కింది గానీ ఏం కుట్టిందో ఆమెకే తెలియదు. ఒక జాకెట్టుకు చేతులు రెండూ ఎడమవే కుట్టింది. మూడో రోజున తలుపు వేసి, పలకలు చేసే అమ్మాయి దగ్గరికి బయలుదేరింది. కమిటీతో ఎందుకు, పని చేసే చేతినే పట్టుకుంటే పోతుంది అనుకుంది.

పలకలమ్మాయి పనిచేసేది ఒక పాత గోదాము మూల. పక్కన కొలిమి, చెక్క అరల నిండా తెల్ల పలకలు, కిటికీ దగ్గర అడుగు నుంచి వెలుగు వచ్చే గాజు బల్ల. బల్ల మీద కుర్రాళ్ళ ఫొటోలు వరసగా పరిచి ఉన్నాయి. అందరివీ అవే టోపీలు. యుద్ధకాలం కదా, టోపీ పట్టీ మీద ఓడ పేరు ఉండకూడదు కనుక అన్ని పట్టీలూ ఖాళీగా ఉన్నాయి. ఆ అమ్మాయి కట్టుకున్న ఏప్రానుకు జేబు సగం ఊడి వేలాడుతోంది. కత్తెరక్క ముందు దాన్నే చూసింది.

"దాన్ని ఇప్పుడు కుట్టకపోతే రేపు బట్ట కూడా చిరుగుతుంది" అంది, నమస్కారానికి బదులు.

అమ్మాయి జేబు వైపు చూసుకుని నవ్వింది. కుర్చీ వేసి, ఎవరి తాలూకని అడిగింది. కత్తెరక్క వేలితో చూపించింది.

"మెడ దాకా ఉంచి కింద కోసెయ్యమ్మా. కోటు అక్కర్లేదు."

"అందరూ రొమ్ము దాకా ఉన్నారు పెద్దమ్మా. మీవాడొక్కడే తలకాయగా ఉంటే ఏం బావుంటుంది?"

"నాకు బావుంటుంది."

బతికున్నవాళ్ళతో వాదించకూడదని ఆ అమ్మాయి ఈ పనిలో నేర్చుకున్నట్టుంది. ఫొటో చేతిలోకి తీసుకుని వేరే మాట అందుకుంది. "ఒక్కటి చెప్పండి. ఈ కనుబొమ్మ మీద సన్నగా తెల్లగీత ఉంది చూశారా? ఫొటో గీసుకుపోయిందా, మచ్చేనా? గీత అయితే సరిచేసేస్తాను."

"మచ్చే. దాన్ని ముట్టుకోకు." ఆ మాట మాత్రం గట్టిగా వచ్చింది. "మా కొట్టు బల్ల మూల తగిలింది వాడికి. బల్ల చుట్టూ పరుగులు పెట్టొద్దంటే వింటేగా. ఎడమ కన్ను పోవాల్సింది, కనుబొమ్మతో పోయింది. మా నాన్న ఆ రోజే ఆ మూల అరగదీశాడు, ఇప్పటికీ అలాగే ఉంది."

అమ్మాయి ఫొటో వైపు చూసింది. ఆమె వైపు చూసింది. "ఎడమ కన్నా?"

"ఆఁ, ఎడమ."

"ఫొటోలో కుడి కనుబొమ్మ కదా పెద్దమ్మా?"

"ఎదురుగా ఉన్నవాడి ఎడమ నీకు కుడిలా కనపడుతుంది. ఆ మాత్రం తెలీదా?"

"ఆ లెక్క వేసుకునే చెప్తున్నా. రోజంతా మొహాలు తిరగేసే పనే నాది. ముందు తిరగేసి అచ్చు తీస్తాం, అప్పుడే పలక మీదికి సరిగ్గా వస్తుంది." అమ్మాయి తన కుడి కనుబొమ్మ మీద వేలు పెట్టుకుని చూపించింది. "ఇదిగో, ఇక్కడుంది ఫొటోలో. మీరు చెప్పేది నిజమైతే ఈ ఫొటోనే తిరగేసి అచ్చు వేశారు."

కత్తెరక్క ఫొటో లాక్కుంది. ఆ ఫొటోలో ఉన్న మొహాన్ని ఆమె నిజంగా చూడటం అదే మొదటిసారి. మచ్చ కుడి కనుబొమ్మ మీద ఉంది. ఎడమ పెదవి చివర మొదలయ్యే వాడి నవ్వు కుడి చివర మొదలైంది. మనవాడిలా లేడేంటే అన్న అమ్మ మాట ఇన్నేళ్ళకు చెవిన పడింది.

"మరి గుండీలు?" అంది.

"గుండీలేంటి?"

"అవి కూడా తిరగబడతాయా?"

"అన్నీ తిరగబడతాయి పెద్దమ్మా. మచ్చ ఒక్కటే ఎలా తిరగబడుతుంది?" అంది అమ్మాయి. ఇందులో ఏముందని ఈవిడకి మొహం అలా పాలిపోయిందో అర్థం కాక మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

సంతోషం కలగాల్సిన చోట ముందు కోపం వచ్చింది కత్తెరక్కకు. ఆమె స్వభావం అంతే. తిట్టడానికి మనిషి కావాలి, మనిషి ఉన్నాడు. నీళ్ళు సగం తాగి వదిలేసి తిన్నగా ఫొటో స్టూడియోకు నడిచింది. ఇప్పుడు కొట్టు నడిపేది కొడుకు. అప్పటి ఫొటోగ్రాఫరు ముసలివాడై, వీధి గుమ్మంలో పేము కుర్చీలో కూర్చుని వచ్చే పోయే వాళ్ళను చూస్తూ ఉంటాడు. నాన్నకు స్నేహితుడు కనుక ఆమె ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. ఆ రోజు పిలుపు మాత్రం ఆ వావికి తగ్గట్టు లేదు.

"బాబాయ్, ఫొటో తిన్నగా అచ్చు వెయ్యడం కూడా రాకుండా ఇంతకాలం కొట్టు ఎలా నడిపావు?"

ఆయన ఆమె మొహంలోకీ, చేతిలో ఫొటోలోకీ చూశాడు. చూపు ఆననివాడు కూడా ఆ ఫొటోను గుర్తుపట్టాడు.

"నేను తిరగేసి వెయ్యడమేంటమ్మాయ్, మీవాడే నా చేత వేయించాడు" అన్నాడు. "నా జన్మలో అలాంటి పని అదొక్కటే చేశాను. మొదట సరిగ్గానే వేశాను. సాయంత్రం వచ్చి చూసుకుని, ఇది నేను కాదు బాబాయ్, ఎవడో చుట్టపుచూపుగా వచ్చినవాడిలా ఉన్నాడు అన్నాడు. ఒరే, అద్దంలో నీకు కనపడే మొహం తిరగేసిన మొహంరా, మేమంతా చూసే మొహం ఇదీ అన్నాను. వింటాడా? నాకు తెలిసిన మొహం అద్దంలోదే, నాకదే కావాలి, ఫొటో పడ్డ ఆ గాజు పలక తిరగేసి వెయ్యి అని కూర్చున్నాడు. తెల్లారితే ఓడెక్కేవాడు. కాదనలేకపోయాను."

"కోటు తిరగబడుతుందని తోచలేదా నీకు?"

"తోచింది. అదీ చెప్పాను. మీ అక్క చూసిందంటే నా పరువు తీస్తుందిరా అన్నాను. పగలబడి నవ్వాడు." ముసలాయన కూడా కాస్త నవ్వబోయి ఆగాడు. "మా అక్క ముందు గుండీలే చూస్తుంది బాబాయ్, తనే తప్పు కుట్టాననుకుని గుండె గుభేలుమంటుంది, ఆ తరవాత నా మచ్చ చూసి సంగతి కనిపెట్టేసి, సెలవుకి రానీ వీడి సంగతి చెప్తా అని కాచుక్కూచుంటుంది అన్నాడు. ఆ తిట్లు తినడానికైనా వస్తానన్నాడు. అప్పటిదాకా చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

కత్తెరక్క ఫొటోను తన వైపు తిప్పుకుంది.

"ఓడ పోయాక ఏ మొహం పెట్టుకుని వచ్చి చెప్పను? మీ అమ్మ ఏడుస్తుంటే, ఆ ఫొటో వెనక ఒక వేళాకోళం ఉందమ్మా అని చెప్పనా? నువ్వు ఎప్పుడో కనిపెట్టేసి ఉంటావనుకున్నాను" అన్నాడాయన. "వాడు అంత గట్టిగా చెప్పాడు మరి."

చిన్నోడి లెక్క సగం దాకా సరిపోయింది. అక్క గుండీలే చూసింది, గుండె గుభేలుమంది. మచ్చ దాకా వెళ్ళి వాణ్ణి తిట్టుకోవడం మాత్రం జరగలేదు. ఎంత దర్జీ అయినా అక్క తన మొహం చూడకుండా ఉంటుందని వాడికి తోచలేదు.

ఇంటికి రేవు పక్కనుంచే నడిచింది. కోటు సరిగ్గానే కుట్టింది. కాగితం బోర్లా పడలేదు, కత్తెర తప్పలేదు. గుండీలు ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి, ఆ చీకట్లో వాడి వేళ్ళు వెతికిన చోటే ఉన్నాయి. నలభై ఏళ్ళ బరువు దిగిపోయింది, నిజమే. కానీ దిగినచోట ఏమీ లేదు. ఇన్నాళ్ళూ వాడు పోవడానికి ఒక కారణం ఉండేది, అది తన చేతిలో ఉండేది. ఇప్పుడు కోటు సరిగ్గా ఉంది, అయినా వాడు మునిగాడు. అందుకు ఎవరినీ తిట్టడానికి లేదు. ఆమెకు దుఃఖం వచ్చింది. రేవు గట్టు మీద కూర్చుని, చూసేవాళ్ళు చూస్తున్నా లెక్కచెయ్యకుండా ఏడ్చింది. మధ్యలో "వెధవా" అని ఒకసారి, "అద్దం మొహం వెధవా" అని ఒకసారి తిట్టింది. ఆలస్యమైనా తిట్లు తిట్లే, వాడు అడిగిపోయినవే.

మర్నాడు మళ్ళీ పలకలమ్మాయి దగ్గరికి వెళ్ళింది. ఈసారి సూదీ దారం తీసుకెళ్ళింది. ముందు ఆ ఏప్రాను విప్పించి, జేబు కుట్టి ఇచ్చింది.

ఆమె తిరిగి తెచ్చిచ్చిన ఫొటోను అమ్మాయి పల్చటి ఫిల్ము మీదికి ఎక్కించింది. దాన్ని గాజు బల్ల మీద పెట్టి కింద దీపం వేసింది. "ఇది ఫొటోలో ఉన్నట్టు" అంది. ఆ తరవాత ఫిల్మును రెండు వేళ్ళతో ఎత్తి, పుస్తకంలో పేజీలా తిప్పి, మళ్ళీ పరిచింది. "ఇదేమో మనిషి ఉన్నట్టు."

మనిషి ఉన్నట్టే ఉన్నాడు. గాజు మీద చిన్నోడు, బల్ల చుట్టూ పరుగులు పెట్టినవాడు, ఎడమ కనుబొమ్మ మీద మచ్చతో, ఎడమ పెదవి చివర నవ్వుతో. భుజాలు చక్కగా కూర్చున్నాయి. మెడపట్టీ ఎక్కడా లేవలేదు. గుండీలు కుడివైపు, జేబు ఎడమవైపు. అది కత్తెరక్క కత్తిరించిన మొదటి మగవాళ్ళ కోటు, నాన్న చూసినా తప్పు పట్టలేని కోటు. దర్జీ కళ్ళతో ఒకసారి మొత్తం చూసుకుంది. ఆ తరవాత కళ్ళు పైకి జరిపి మొహం చూసింది.

"కోటు భలే కుట్టారు పెద్దమ్మా" అంది అమ్మాయి. "ఇలాగే వేసేస్తాను. గోడ మీద అందరి జేబులూ ఒకవైపే ఉంటాయి. ఇక మెడ దగ్గర కొయ్యక్కర్లేదుగా?"

"కొయ్యక్కర్లేదు. ఒక్క నిమిషం అలా ఉంచు."

అమ్మాయి పక్కకు వెళ్ళి పలకలు సర్దుకుంది. నిమిషం కాస్త పొడుగ్గానే సాగింది.

"ఇక తిప్పెయ్యి" అంది కత్తెరక్క.

"ఎటు?"

"ముందున్నట్టు. ఫొటోలో ఉన్నట్టే వెయ్యి, రొమ్ము దాకా."

"గుండీలు తప్పుగా పడతాయి పెద్దమ్మా. చూసేవాళ్ళు మీరు తప్పు కుట్టారనుకుంటారు. నిన్న మీరే కదా కోటు వద్దన్నారు?"

"అనుకోనీ. వాడికి తెలిసిన మొహం అదొక్కటే. నేనొచ్చి మార్చేస్తే, రేపు గోడ ముందు నిలబడితే వాణ్ణి వాడే గుర్తుపట్టడు."

అమ్మాయి ఫిల్మును మళ్ళీ పేజీలా తిప్పింది. కమిటీవాళ్ళు అడిగితే ఏం చెప్పమంటారని మాత్రం అడిగింది. వాళ్ళను నా దగ్గరికి పంపు అంది కత్తెరక్క. కమిటీవాళ్ళకు ఆమె నోటి సంగతి తెలుసు కనుక ఎవరూ రాలేదు.

గోడ తెరిచిన రోజున గాలి విపరీతంగా వీచింది. పెద్దలు మాట్లాడారు, మైకు మధ్యలో గీపెట్టింది, కుటుంబాలవాళ్ళు తమ తమ పలకల దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. కత్తెరక్క కూడా వెళ్ళి వాడి ఎదురుగా నిలబడింది. కంటి ఎత్తున ఉన్నాడు. గుండీలు చూడలేదు. ఆమె పక్కనే ఎదురు కొట్టు సూట్లాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. ఆయనా దర్జీయే కనుక ఆయన చూపు ఎక్కడ ఆగిందో ఆమెకు తెలుసు.

సాయంత్రం ఆయన కొట్టులోకి వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం బయటే నిలబడేవాడు లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. దారం రీళ్ళు లెక్కపెడుతున్నట్టు అరల వైపు చూశాడు.

"ఏమీ అనుకోనంటే ఒక మాటక్కా" అన్నాడు చివరికి. "నీ బోర్డు సంగతి ఇవాళ అర్థమైంది నాకు. ఇన్నాళ్ళూ ఊరికే వేళాకోళం చేశాను. కానీ ఆ పలక అలా ఉండకూడదు. ఊళ్ళో దర్జీలంతా చూశారు. గుండీలు ఎడమవైపున్నాయి. ఎన్ని తరాలు నిలబడే గోడ అది. ఆ పలకల పిల్లతో చెప్తే తిప్పి ఇంకోటి వేస్తుంది, నేను వెళ్ళి అడిగి వస్తాను. కోట్లకు పేరుపడ్డ మీ నాన్న ఉంటే ఒప్పుకునేవాడా?"

కత్తెరక్క సూదిలో దారం ఎక్కిస్తున్నది ఆపి తల ఎత్తింది. ఇన్నేళ్ళ ఎదురు కొట్టు మనిషికి గడ్డం కింద పుట్టుమచ్చ ఉందని, కళ్ళు కాస్త లేతరంగువని అప్పుడే చూసింది. మంచి మొహమే.

"ఒప్పుకునేవాడు" అంది. "మొహం వాడిది, ఇష్టం వాడిది. మనది సూది ఒక్కటే."